మహబూబ్‌నగరుకు వెళ్ళిన పార్సెలు

2007 అక్టోబరులో మహబూబ్‌నగరు నుండి ఒక పాఠకుడు అంతర్జాలంలో ఒక పుస్తకానికి డబ్బు కట్టాడు. జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ద వరల్డ్’ ఆ పుస్తకం. డబ్బు ముట్టినది బెంగళూరు కోరమంగలలో రెండు పడకగదుల ఇంట్లో అప్పుడప్పుడే అంగడి తెరిచిన ఇద్దరు యువకులకు. వారి వద్ద ఆ పుస్తకం లేదు. ఆ మాటకు వస్తే ఏ పుస్తకమూ లేదు; పుస్తకాల పేర్ల పట్టిక మాత్రం ఉంది. ఇద్దరూ బెంగళూరు దుకాణాలన్నీ గాలించి, ఎట్టకేలకు ఒక ప్రతిని సంపాదించి, ఆలస్యంగానైనా మహబూబ్‌నగరుకు చేర్చారు. ఆ అంగడి పేరు ఫ్లిప్‌కార్ట్.

ఆ పుస్తకంలోని విషయం కూడా తలచుకోదగినదే. మైక్రోసాఫ్టులో పెద్ద ఉద్యోగం చేస్తున్న వుడ్ 1998లో నేపాలు కొండల్లో నడవడానికి వెళ్ళి, ఒక బడిలో గ్రంథాలయమని పేరున్న గదిని చూచాడు. అందులో పిల్లలు చదువుకొనే పుస్తకాలు లేవు. ఆ తరువాత ఉద్యోగం మానుకొని, మారుమూల పల్లెలకు పుస్తకాలు చేరవేసే సంస్థను స్థాపించాడు. పుస్తకాలు లేని గ్రంథాలయాన్ని గూర్చిన పుస్తకం, పుస్తకాలు లేని పుస్తకాల అంగడికి వచ్చిన తొలి బేరం కావడం ఎవరో కల్పించి రాసినట్లుంటుంది. కాని జరిగినదే.

ఈ కథ ఇప్పుడు అందరూ చెప్పుకొనేదే. చెప్పినవారంతా ఊరంతా తిరిగిన ఆ ఇద్దరి పట్టుదలనే పొగుడుతారు. నా ధ్యాస మాత్రం మహబూబ్‌నగరు వైపే పోతుంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2014 నుండి తెలంగాణలోనూ ఉన్న ఆ జిల్లా కేంద్రంలో కూర్చొని, ముఖం చూడని వారికి, పేరు వినని అంగడికి, సరుకు కంట పడకముందే డబ్బు కట్టిన ఆ మనిషి ధైర్యం మాట ఏమిటి? ఆ బేరంలో ముందు నమ్మినవాడు అతడు. ఆ తరువాత పరుగెత్తినవారు వీరు.

అంతర్జాలంలో చిన్న అంగడి పెట్టినవారి చరిత్ర అంతా, నాకు తోచినంతలో, ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ముందు నమ్మవలసినది ఎవరు? సరుకు చూడకుండా డబ్బు పంపాలా, డబ్బు చూడకుండా సరుకు పంపాలా? పేరేమి పెట్టాలి, సైటుకు ఏ రంగులు వేయాలి, ఏమి అమ్మాలి అన్నవన్నీ దీని తరువాతివే. పైగా ఇది అంతర్జాలంతో పుట్టిన ప్రశ్న కానే కాదు. మన దేశంలో 1877లోనే దీనికొక సమాధానం దొరికింది.

ఆ ఏడాది తపాలా శాఖవారు వేల్యూ పేయబుల్ పద్ధతిని ప్రవేశపెట్టారు. మనవాళ్ళ నోట అది వి.పి.పి. అయింది, ఇంకా పొదుపుగా వి.పి. అయింది. అమ్మేవాడు పార్సెలు మీద రావలసిన మొత్తం రాసి తపాలా కచేరీలో ఇస్తాడు. పోస్టుమాను దానిని ఇంటికి తెచ్చి, డబ్బు పుచ్చుకొని, పార్సెలు చేతికిస్తాడు. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. కొనేవాడు వద్దంటే పార్సెలు వచ్చిన దారినే తిరిగి పోతుంది. పోనూ రానూ అయిన ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడుతుంది. ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు నమ్మనక్కరలేదు. ఇద్దరూ పోస్టుమానును నమ్మితే చాలు.

తెలుగు పుస్తకం ఊళ్ళకు చేరిన దారి చాలావరకు ఇదే. చెన్నపట్నంలో వావిళ్ళవారు అచ్చువేసినది గోదావరి లంకల్లోని పురోహితుడి ఇంటికి వెళ్ళాలంటే దుకాణాల వరుస ఎక్కడిది? పట్టిక పంపేవారు, కార్డు ముక్క వచ్చేది, వి.పి. వెళ్ళేది. పుస్తకాల వెనుక అట్టల మీద తపాలా ఖర్చులు ప్రత్యేకమనే మాట చూడని తెలుగు పాఠకుడు ఉండడు. తరువాతి రోజుల్లో ఎమెస్కోవారు ఇంటింటా గ్రంథాలయం ఉండాలనే తలంపుతో నడిపిన పథకం కూడా తపాలాను నమ్ముకున్నదే. నేడు మనం ఎంతో కొత్తదనుకొనే పని, అంటే పట్టిక చూపి, దూరం నుండి ఆర్డరు పుచ్చుకొని, పొట్లం కట్టి పంపడం, మన ప్రకాశకులకు తరతరాలుగా చేతిలో పని.

మా ఇంట్లో వి.పి. వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పోస్టుమాను అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగుతూ ఉంటే, నాన్నగారు లోపల పెట్టె తెరిచి చిల్లరతో సహా లెక్కపెట్టేవారు. ఆ మొత్తం ఆయన చేతిలో పడేదాకా పొట్లం సంచిలోనే ఉండేది. మేము దానిని దూరం నుండి చూడవలసినదే, ముట్టుకోవడానికి లేదు.

ఇక్కడే ఆ పద్ధతిలో ఉన్న లొసుగు కూడా ఉంది. డబ్బు ఇచ్చిన తరువాతనే పొట్లం విప్పాలి. మా ఊళ్ళో ఒకాయన పత్రికలో ప్రకటన చూచి ట్రాన్సిస్టరు తెప్పించుకొంటే, గడ్డిలో చుట్టిన ఇటుక వచ్చింది. ఊరంతా ఏడాదిపాటు ఆయనను "ఈ పూట వార్తలేమిటండీ" అని అడిగేవారు. అమ్మేవాడి భయాన్ని వి.పి. చాలావరకు తీర్చింది గాని, కొనేవాడి భయాన్ని సగమే తీర్చింది. మిగిలిన సగం తీరడానికి మరొక నూరేళ్ళు పైగా పట్టింది.

అంతర్జాలంలో అంగడి అనగానే అందరూ అమెరికా నుండి మొదలుపెడతారు. నేనూ ఆ ఊరికి వెళ్ళక తప్పదు గాని, ఎక్కువసేపు ఉండను. 1994లో న్యూయార్కులో పెట్టుబడుల సంస్థ ఉద్యోగం మానుకొన్న జెఫ్ బెజోస్, తపాలాలో అమ్మదగిన ఇరవై రకాల సరుకులను వరుసగా రాసుకొని, బేరీజు వేసి, పుస్తకాలను ఎన్నుకొన్నాడు. ప్రణాళిక అంటే అది. పుస్తకం చెడిపోదు, ఏ ప్రతి అయినా ఒకటే, తూచి చూడనక్కరలేదు, పైగా ఏ దుకాణంలోనూ పట్టనన్ని పేర్లు. సియాటెలు దగ్గర ఒక ఇంటి గ్యారేజీలో పని మొదలై, 1995 జులై 16న అమెజాన్ తలుపులు తెరుచుకొన్నవి. తలుపులు అన్నాను గనుక చెబుతున్నాను: ఆ తొలినాటి బల్లలు తలుపు చెక్కలకు కాళ్ళు బిగించి చేసుకొన్నవే.

అంత పకడ్బందీ ప్రణాళికలోనూ ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. టోకు పంపిణీదారులు పది పుస్తకాలకు తక్కువైతే ఆర్డరు పుచ్చుకోరు. వీరికి కావలసినది ఒక్కటి. లైకెన్లను గూర్చిన ఒక అనామక పుస్తకం పంపిణీదారు పట్టికలో ఉందిగాని, నిలవలో లేదని వీరు కనిపెట్టారు. మసాలా దినుసుల్లో రాతిపువ్వు అంటామే, ఆ జాతిది లైకెను. కావలసిన పుస్తకం ఒకటి, లైకెన్ల పుస్తకం తొమ్మిది ప్రతులు అని ఆర్డరు పెట్టేవారు. కావలసినది వచ్చేది, తొమ్మిదింటికి మాత్రం లేవని క్షమాపణ వచ్చేది. బెజోస్ తానే తరువాత ఈ సంగతి నవ్వుతూ చెప్పుకొన్నాడు. ఇరవై సరుకుల బేరీజు కంటె ఈ తొమ్మిది లైకెన్లే నాకు ఎక్కువ చెబుతున్నట్లుంటుంది. చిన్న అంగడి నడిచేది ఇటువంటి సందుల్లోంచి.

అయితే వారికి ఒక సౌకర్యం ముందే అమరి ఉంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండి సియర్స్ వంటి సంస్థల పట్టికలు చూచి తపాలాలో కొనడం అక్కడి పల్లెలకు అలవాటు. క్రెడిట్ కార్డును ఎవరైనా దొంగతనంగా వాడితే యజమాని భరించవలసినది యాభై డాలర్లకు మించరాదని 1970ల నుండే చట్టం ఉంది. ముందు నమ్మే భారాన్ని కొనేవాడి మీది నుండి చట్టమూ, బ్యాంకూ అప్పటికే దించివేశాయి. అమెజాన్ ఆ సిద్ధం చేసిన నేల మీద ఇల్లు కట్టుకొంది. మనవాళ్ళు దాని గ్యారేజీని చూచారు గాని, నేలను చూడలేదు.

మనకు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. వారు జనసామాన్యానికి అంతర్జాలం ఇచ్చారు. ఫోను తీగ మీద, కీచుమని అరిచే మోడెముతో, గంటల లెక్కన కొనుక్కొనే అంతర్జాలం. 1998 చివరలో ఆ గుత్తాధిపత్యం తొలగింది. మరుసటి ఏడాది నవంబరులో, హైదరాబాదు సత్యం కంప్యూటర్సు వారి పిల్ల సంస్థ సత్యం ఇన్ఫోవే, రాజేష్ జైన్ నడుపుతున్న ఇండియావరల్డ్ సైట్లను 499 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పుకొంది. ఆ అంకె విని దేశంలో ఎందరికి నిద్ర పట్టలేదో! ప్రతివాడి జేబులోనూ ఒక వ్యాపార ప్రణాళిక. ఆ ప్రణాళికలు చాలావరకు 2000 మార్చి తరువాత, అమెరికా విపణి కూలినప్పుడు, జేబుల్లోనే ఉండిపోయాయి.

అదే 1999లో బెంగళూరులో ఆరుగురు కలిసి ఫాబ్‌మార్ట్ అనే అంగడి తెరిచారు. వారిలో ఒకరైన కె. వైతీశ్వరన్‌ను ఈ దేశంలో అంతర్జాల వర్తకానికి ఆద్యుడని పిలుస్తుంటారు. ముందు పాటల క్యాసెట్లు, సీడీలు, తరువాత పుస్తకాలు, ఆపైన కిరాణా. క్రెడిట్ కార్డు అంటే పట్నంలోనూ కొద్దిమందికే ఉన్న రోజులు. ఉన్నవారికీ దాని అంకెలను తెర మీద కొట్టాలంటే చేయి వణికే రోజులు. వారు తరువాత మట్టి మీద దుకాణాలూ తెరిచారు. కిరాణా కొట్టును కంటితో చూచినవాడు అదే పేరున్న సైటును నమ్ముతాడని ఊహ. మంచి ఊహే. ఆ కొట్ల శాఖ పోను పోను హైదరాబాదు త్రినేత్ర దుకాణాలతో కలిసి, చివరకు ఆదిత్య బిర్లా సంస్థ చేతికి పోయింది. సైటు మాత్రం ఇండియాప్లాజా అనే పేరుతో వైతీశ్వరన్ చేతిలో మిగిలింది.

ఇక కోరమంగలకు తిరిగి వద్దాము. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఇద్దరిదీ చండీగఢ్, ఇద్దరూ ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివినవారు, ఇద్దరూ అమెజాన్ వారి బెంగళూరు కార్యాలయంలో పనిచేసినవారు. ఇంటి పేరు ఒకటే గాని చుట్టరికం లేదు. (అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది 2013లో, 2007 నాటికి ఆ కార్యాలయంలో జరిగేది సాఫ్ట్‌వేర్ పనే.) వారు మొదట అనుకొన్నది అంగడి కాదు. ఏ వస్తువు ఏ సైటులో ఎంతకు దొరుకుతుందో పోల్చి చూపే సైటు పెడదామనుకొన్నారు. తీరా చూస్తే పోల్చడానికి తగినన్ని అంగళ్ళే దేశంలో లేవు. ఉన్నవి సరిగా నడవడం లేదు. అందుచేత పోలిక మానుకొని, తామే ఒక అంగడి పెట్టారు. పెట్టుబడి ఇద్దరిదీ కలిపి నాలుగు లక్షల రూపాయలు.

బెజోస్ పట్టికతో పోలిస్తే ఇది ప్రణాళిక అనిపించుకోదు. ఒక ప్రణాళిక భంగం కాగా మిగిలినది. కాని వారికొక లాభం కలిగింది: పోలిక సైటు కోసం ఉన్న అంగళ్ళన్నిటినీ పరీక్షించి చూచారు గనుక, కొనేవాడికి ఎక్కడ నొప్పి తగులుతుందో వారికి తెలిసింది. అంగడి పెట్టదలచినవాడు ముందు ఇతరుల అంగళ్ళలో కొనుగోలుదారుగా తిరగాలని ఏ శాస్త్రంలోనూ రాసి ఉండదు.

పుస్తకాలను నిలవ పెట్టేందుకు డబ్బు లేదు. ఆర్డరు వచ్చిన తరువాత పంపిణీదారులకు ఫోను చేసి, పుస్తకం తెచ్చి, పొట్లం కట్టి, కొరియరుకు ఇవ్వాలి. అన్ని పనులూ ఇద్దరే. బెంగళూరులో పేరున్న పుస్తకాల దుకాణాల బయట నిలబడి, పుస్తకం కొనుక్కొని వచ్చేవారి చేతిలో తమ పేరు అచ్చువేసిన బుక్‌మార్కులు పెట్టేవారు. ఆ దుకాణదారులు ఏమనుకొన్నారో గాని, తమ గుమ్మంలో నిలబడినది తమ ఎదురుపోటీ అని గుర్తించి ఉండరు. కొరియరు సంస్థలో పనిచేసి వచ్చిన ఒక యువకుడు వారికి తొలి ఉద్యోగి అయ్యాడు. ఏ ఆర్డరు ఎక్కడ ఉన్నదో కంప్యూటరు చూడకుండా నోటితో చెప్పగలిగేవాడని అతని గురించి చెబుతారు. ఏకసంథాగ్రాహి ఒకడు దొరకడం ఏ ప్రణాళికలో రాసుకొంటాము?

ఇంత చేసినా మొదటి ప్రశ్న అలాగే ఉంది. మహబూబ్‌నగరు పాఠకుడి వంటివారు ఎందరుంటారు? పైగా 2009 ఆగస్టు 1 నుండి, అంతర్జాలంలో కార్డు వాడితే అంకెలతో పాటు మరొక సంకేతపదం కూడా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. దొంగతనాలను అరికట్టడానికి అది మంచిదే. కాని నాటి నత్తనడక అంతర్జాలంలో ఆ రెండవ పుట తెరుచుకొనే లోపల సగం బేరాలు తెగిపోయేవి. డబ్బు పోయిందా, ఉందా, పుస్తకం వస్తుందా రాదా తెలియక తెర వైపు చూస్తూ కూర్చొన్న అనుభవం ఆ రోజుల్లో పుస్తకాలు కొన్న మనందరికీ ఉంది.

2010లో ఫ్లిప్‌కార్ట్ ‘క్యాష్ ఆన్ డెలివరీ’ మొదలుపెట్టింది. పార్సెలు గుమ్మంలోకి వచ్చిన తరువాతనే డబ్బు. భారతీయుడి మనస్తత్వాన్ని ఎరిగి చేసిన గొప్ప ఆవిష్కరణ అని పత్రికలు రాశాయి. వి.పి. అందుకొన్న ఇంట్లో పుట్టినవారు నవ్వుకొని ఉంటారు. మజ్జిగ గ్లాసు ఒక్కటే తక్కువ. అయితే వి.పి. తీర్చలేని రెండవ సగాన్ని వీరు తీర్చారన్నది మాత్రం ఒప్పుకోవాలి. వచ్చినది బాగులేకపోతే ముప్ఫై రోజులలో మార్చి ఇస్తామన్నారు. ఇటుక వస్తే తిరిగి పంపవచ్చును. కొరియరువారు నగదు వసూలు చేయడానికి అంతగా సిద్ధంగా లేకపోతే, సొంత మనుషులనే పెట్టుకొని ఇళ్ళకు పంపారు. అంటే తపాలా కచేరీ పనిని, పోస్టుమాను పనిని కూడా అంగడే తలకెత్తుకొంది.

దీనికి ఖర్చు ఎంత అవుతుందో వావిళ్ళవారిని అడిగితే చెప్పి ఉండేవారు. గుమ్మందాకా వెళ్ళి, వద్దనిపించుకొని తిరిగి వచ్చిన ప్రతి పార్సెలూ నష్టమే. నాటి ప్రకాశకుడు ఆ నష్టాన్ని తన చేతి నుండి పెట్టుకొనేవాడు గనుక, అడిగినవాడికల్లా వి.పి. పంపేవాడు కాదు, కొందరిని కొంత పైకం ముందు పంపమనేవాడు. కోరమంగల అంగడికి 2009లో ఆక్సెల్ సంస్థ పది లక్షల డాలర్లు పెట్టుబడి ఇచ్చింది. మరుసటి ఏడాది టైగర్ గ్లోబల్ వచ్చింది. ఆపైన వచ్చినవి కోట్లు. మన గుమ్మంలోకి వచ్చిన నమ్మకానికి ఖరీదు చెల్లించినవారు ఆ పెట్టుబడిదారులు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నాలుగు లక్షలతో అంగడి పెట్టిన ఇద్దరి కథను విని, తామూ నాలుగు లక్షలతో పెట్టవచ్చునని ఉద్యోగాలు మానుకొన్నవారిని నేను ఎరుగుదును. ఆ కథలో నాలుగు లక్షలు నిజమే. కాని ఆ అంగడి గుమ్మం దాటిన తరువాత, దానిని నిలిపిన నమ్మకపు వెల నాలుగు లక్షలకు అందేది కాదు. ఒకసారి దేశమంతా చేతికి సరుకు వచ్చాకే డబ్బు ఇవ్వడానికీ, నచ్చకపోతే తిప్పి పంపడానికీ, పైగా తగ్గింపు ధరకూ అలవాటు పడిన తరువాత, ఆ మూడూ ఇవ్వలేని చిన్న అంగడికి తెరుచుకొనే తలుపు సన్నబడింది. వారు ఎక్కి వచ్చిన నిచ్చెన వారి వెనుక లేదు. ఇందులో వారి దుర్బుద్ధి ఉందని నేను అనను. జరిగినది అది.

అందరికంటె ముందు వచ్చిన ఇండియాప్లాజా ఆ పోటీలో నిలవలేక, పెట్టుబడి దొరకక, 2013లో మూతపడింది. వైతీశ్వరన్ 2017లో తన అనుభవాన్ని ‘ఫెయిలింగ్ టు సక్సీడ్’ అనే పేరుతో పుస్తకంగా రాశారు. అంగళ్ళ ఆరంభాలను గూర్చిన పుస్తకాలు కోకొల్లలు. మూతపడిన అంగడి యజమాని అప్పులవారి ఫోన్లను గూర్చి, అవమానాలను గూర్చి తానే కూర్చొని రాసినవి అరుదు. ఆయన తొలినాటి సహచరులు కొందరు 2011లో మరల కలిసి కిరాణా సరుకులతో బిగ్‌బాస్కెట్ పెట్టారు, అది నిలిచింది. అదే ఊరు, అవే సరుకులు, చాలావరకు అదే మనుషులు. మధ్యలో మారినది పదేళ్ళ కాలమూ, జనం అలవాటూ.

2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను 1600 కోట్ల డాలర్లకు కొన్నది. ఇద్దరు బన్సల్‌లూ ఆ ఏడాదే ఆ పదవుల నుండి తప్పుకొన్నారు.

మహబూబ్‌నగరు పాఠకుడు మాత్రం ఆ పుస్తకాన్ని అందుకొన్నాడు. బెంగళూరులో ఏదో దుకాణంలో ఎవరూ అడగక పడి ఉన్న ప్రతి అది. అది అతని అలమారులోకి వెళ్ళేనాటికి, క్యాష్ ఆన్ డెలివరీ రావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది.